వంక మలుపులో మా అత్త

మా వీధిలో ఎవరో మేడ మీద గది వేసుకుంటున్నారు. పోయిన వారం ఒక ట్రాక్టరు వచ్చి మా ఇంటికెదురుగా ఇసుక దించి పోయింది. సాయంత్రానికి వీధి పిల్లలంతా దాని మీద చేరారు. గూళ్ళు కట్టేవాళ్ళు కొందరు, దొర్లేవాళ్ళు కొందరు. నేను కుట్టుమిషను ముందు నుంచి లేచి వెళ్ళి అందరినీ తిట్టి తరిమేశాను. పిల్లలు బిత్తరపోయారు. ఎదురింటామె బయటికొచ్చి, ఇసుకే కదమ్మా, ఆడుకుంటే ఏం పోయింది అని అడిగింది. ఏం పోయిందో చెప్పాలంటే మా అత్త సంగతంతా చెప్పాలి. తలనొప్పిగా ఉందని చెప్పి లోపలికి వచ్చేశాను.

మా అత్త ఈ ఎండాకాలంలోనే పోయింది.

నాది ఆదోని. మా నాయన జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. మా ఇంట్లో అందరికీ దూది తెలుసు, పత్తి చేను తెలియదు. మట్టి అంటే నాకు తెలిసింది గడప దగ్గర కాళ్ళకు తుడుచుకునేది మాత్రమే. అట్లాంటి నన్ను ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య, రోడ్డు నుంచి బాగా లోపలికున్న ఒక ఊరికి ఇచ్చారు. నల్లరేగడి నేల, వాన పడితేనే పంట. తుంగభద్ర కాలువ ఆ చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళకు నీళ్ళిస్తుంది గానీ మా వాళ్ళ చేను కాలువకు పైవైపున పడింది. ఆ చేనికి ఉన్నదల్లా ఒక వంక. వంక అంటే ఏడాదిలో చాలా భాగం ఇసుకే, గట్టి వాన పడితే మాత్రం నీళ్ళు. అది కూడా నెమ్మదిగా రాదు, ఒక్కసారిగా వస్తుంది. సరిగ్గా మా చేను దగ్గరే అది మలుపు తిరుగుతుంది.

ఆ మలుపే మా అత్తకు పగ. నీళ్ళు పైనుంచి తిన్నగా ఉరికొచ్చి మా వైపు గట్టుకు కొట్టుకునేవి. గట్టు అడుగున మన్ను కోసుకుని, తిరిగి, అవతలి వైపు జోరు తగ్గి, మోసుకొచ్చిందంతా అక్కడ మేట వేసేవి. వంక వచ్చిన ప్రతిసారీ మా చేను కాస్త తగ్గేది, అవతలి చేను కాస్త పెరిగేది. కాగితాల్లో మాత్రం రెండు చేలూ ఎక్కడివక్కడే ఉండేవి.

నేను కాపురానికి వచ్చిన ఏడు వంక వచ్చిపోయిన మర్నాడు ఆమె నన్ను వెంట రమ్మంది. కొత్తనీళ్ళు కదా, పసుపు కుంకుమ వెయ్యడానికేమో అనుకుని నేను మంచి చీర కట్టుకున్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి చేతికి గంప ఇచ్చింది. చీలమండల లోతు నీళ్ళలో వంక దాటి అవతలి గట్టెక్కాం. అక్కడ మేట మీద నల్లటి ఒండ్రు ఇంకా తడిగా ఉంది. దాన్ని పారతో గంపలకెత్తి, నెత్తిన పెట్టుకుని, మళ్ళీ వంక దాటి, మా చేనులో పోశాం. పొద్దంతా అదే పని. నా పట్టంచు చీర ఆ తర్వాత పాత గుడ్డలకు తప్ప దేనికీ పనికిరాలేదు.

అవతలి చేను ఒక ముసలాయనది. మా అత్త ఆయన్ను అన్నా అని పిలిచేది. ఆ వంక ఒడ్డు ఊళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. గట్టు కోత పడిన వాళ్ళు, ఎదుటి గట్టు మీద పడిన మేట నుంచి మన్ను తిరిగి మోసుకుపోవచ్చు. అవతలి వాళ్ళు ఆ మేట మీద విత్తడానికి గొర్రు తోలేదాకా అడ్డం చెప్పకూడదు. ఆ ముసలాయన గొర్రు తోలడానికి కావాలనే ఆలస్యం చేసేవాడు. గట్టు మీద గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తూ మా అత్తను ఆటపట్టించేవాడు.

“నేను రమ్మన్నానా సెల్లెలా. మీ సేనే నా కాడికి నడిసొస్తాంది.”

“నడిసొచ్చినదానికి ఇంత కూడుబెట్టి తిరిగి పంపీ అన్నా” అనేది మా అత్త, గంప కింద నుంచి.

అది మన మట్టేనని ఎలా తెలుసు, పైనుంచి ఎన్ని ఊళ్ళ మట్టో కలిసి వచ్చి ఉంటుంది కదా అని నేనొకసారి అడిగాను. ఆమె గుప్పెడు మన్ను తీసి వేళ్ళ మధ్య నలిపి, ఇది మనదే అంది. ఆమెకు తెలిసే అవకాశమే లేదు. అయినా గట్టిగా అంది కాబట్టి నమ్మాను. అట్లా ఆమె గట్టిగా అని, మేం నమ్మిన వాటిలో ఒకటి తర్వాత మా కొంప ముంచింది.

ఆమె పుట్టిల్లు హాలహర్వి వైపు. మామూలుగా తెలుగే మాట్లాడేది గానీ వంకను తిట్టేటప్పుడు మాత్రం కన్నడంలోకి దిగేది. ఆ తిట్లు నాకు సగమే అర్థమయ్యేవి. అర్థమైన సగం ఇక్కడ రాయలేను. వంక ఎండిపోయి ఉన్నప్పుడు కూడా దాటేముందు ఒకసారి ఆగి, పైకీ కిందికీ చూసి, ఎవరో పలకరించకుండా తప్పించుకుపోతున్నట్టు గబగబా దాటేది.

ఇంట్లో ఇంకో అలవాటు. అంట్లు కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, ఏ నీళ్ళైనా సరే, నిన్న పోసిన చోట ఈ రోజు పోసేది కాదు. వాకిట్లో ఒక రోజు ఈ మూల, ఒక రోజు ఆ మూల. నీళ్ళకు ఒకసారి దారి చూపిస్తే ఇంక విడవవని ఆమె వాదన. పెళ్ళైన కొత్తలో నేను రోజూ గుమ్మం పక్కనే పారబోస్తుంటే, అక్కడ పడిన వేలెడు సన్న కాలువను కాలి మడమతో చెరిపేసి, నన్ను ఒక చూపు చూసింది. మేం ఎమ్మిగనూరులో కాపురం పెట్టాక వచ్చినప్పుడు కూడా అంతే. ఇక్కడ నీళ్ళు పోయడానికి మురుగు పోయే మోరీ తప్ప చోటు లేదు. ఆమె గిన్నె పట్టుకుని వీధంతా తిరిగి ఎవరి వాకిట్లోనో పోసి వచ్చేది. ఆమె వచ్చి పోయినప్పుడల్లా పక్కిళ్ళ వాళ్ళకు నేను సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది.

మబ్బు పడితే ఊళ్ళో అందరి ముఖాలూ విప్పారేవి. వాన లేక పత్తి వాడిపోతున్నప్పుడు ఆమె కూడా మొక్కులు మొక్కేది. కానీ పడమటి వైపు, వంక పుట్టే గుట్టల మీద నల్లబడితే మాత్రం లేచి చేను వైపు పోయేది. చేనులో ఏరిన రాళ్ళన్నీ ఆ గట్టు అంచునే పేర్చింది. వేళ్ళు మన్నును పట్టుకుంటాయని కిత్తనార మొక్కలు తెచ్చి నాటింది. వంక వచ్చినప్పుడు కొన్ని రాళ్ళు పోయేవి. ఆమె మళ్ళీ పేర్చేది. నీకు ఆ గట్టు తప్ప వేరే చేనే లేదా అని మా మామ విసుక్కునేవాడు.

మా మామ నెమ్మదైన మనిషి. పత్తి అమ్మడానికి ఆదోని మార్కెట్టుకు పోవడం, బండి ఖాళీ కాగానే తిరిగి రావడం, అంతే ఆయన లోకం. ఏటా ఉగాది ముందు కర్ణాటక జనం గుంపులు గుంపులుగా ఈ దారిన శ్రీశైలానికి నడిచి పోతారు. మా అత్త పుట్టింటి వాళ్ళు కూడా వాళ్ళతో పోయేవాళ్ళు. మనమూ ఒక ఏడు పోదామని ఆమె ఎన్నిసార్లు అడిగినా ఆయన, ఎద్దులకు నీళ్ళెవరు పెడతారని తప్పించుకునేవాడు. కామెర్లు ముదిరి ఆయన చనిపోయినప్పుడు సమాధికి చోటు చూపించింది మా అత్తే. మా వాళ్ళలో సొంత చేనులోనే పూడ్చుకుంటారు. బంధువులంతా బండిబాట పక్కన పెడదామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. నేను ఎప్పుడూ ఉండేది గట్టు కాడనే, ఆయన కూడా అక్కడే ఉంటాడు అంది. అప్పటికి సమాధికీ గట్టు అంచుకూ నడుమ పత్తి సాళ్ళు బోలెడు పట్టేవి. ఎవరికీ భయం తోచలేదు.

ఆ తర్వాత వంక వచ్చినప్పుడల్లా ఆ సాళ్ళు తగ్గుతూ వచ్చాయి. ఇక గట్టు అంటే ఆమెకు చేను కాదు, ఆయనే. ఊరికి పోయినప్పుడల్లా నన్ను అక్కడికి తీసుకుపోయి చూపించేది. సమాధికి తల ఆనించినట్టు వంగి, అక్కడి నుంచి అంచుదాకా చేత్తో గాలిలో కొలిచేది. ఒక ఏడు నాలుగైదు సాళ్ళుండేవి, తర్వాత సరిగా రెండు కూడా లేవు. సమాధిని లోపలికి మార్చుకుందామని మా ఆయన అన్నాడు. పడుకున్న మనిషిని లేపుతారా అని ఆమె ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

ఈలోగా అవతలి ముసలాయన పోయాడు. ఆయన కొడుకులకు సేద్యం మీద ఆశ లేదు. మేట కింది ఇసుక అమ్ముకుంటామన్నారు. చుట్టుపక్కల ఇళ్ళ కట్టుబడి ఎక్కువైంది, ఇసుకకు గిరాకీ ఉంది. వాళ్ళ వైపు నుంచి ట్రాక్టరు దిగడానికి బాట లేదు. మా చేను మీదుగా అయితే దిగుతుంది. అడిగితే మా అత్త తిడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు.

ఆమె లెక్క వేరు. అవతలి ఆ మేట దిబ్బే నీళ్ళను మా వైపు తోస్తోంది. దిబ్బను తవ్వేస్తే వంక మెలిక విడిచి తిన్నగా పోతుంది. గట్టు నిలబడుతుంది, ఆయన నిలబడతాడు. విన్న వాళ్ళందరికీ అది సరైనదే అనిపించింది. ఏళ్ళ తరబడి ఆ మలుపుతో కొట్లాడిన మనిషి చెబుతుంటే కాదనడానికి మాకేం తెలుసు. ట్రాక్టర్లు వచ్చిన మొదటి రోజు ఆమె గట్టు మీద కూర్చుని, ఇంకా తవ్వండప్పా, ఆ మూల కూడా తీయండి అని డ్రైవర్లకు చెబుతూ మజ్జిగ పోసింది.

వాళ్ళకు చెప్పాలా. ఆ తర్వాత రెండేళ్ళు వానలు లేవు. వంక ఎండిపోయి ఉంది. మేట అయిపోయింది. మేట అయిపోయాక వంక నడుమ తవ్వారు. నడుమ తవ్వాక మా గట్టు కింద కూడా తవ్వారు. అడుగున గులకరాయి, సుద్ద తేలేదాకా తవ్వారు. పైనుంచి చూస్తే వంక వెడల్పాటి గోతిలా కనిపించేది. మా గట్టు పాదం దగ్గర ఎప్పటినుంచో ఒదిగి ఉన్న ఇసుక కూడా పోయింది. పైన ఆమె పేర్చిన రాళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి.

ఆ మరుసటి ఏడు పడింది వాన. మా ఆయన విత్తనాల అంగడిలో పనిలో ఉండగా ఆమె ఫోను చేసింది. గట్టు మీద నుంచే మాట్లాడుతోంది. వెనక నీళ్ళ హోరు వినిపిస్తోంది. వంక వచ్చిందనీ, మలుపు దగ్గర గట్టును తాకకుండా నడుమ గోతిలోనే తిన్నగా పోతోందనీ చెప్పింది. ఆమె నవ్వడం ఫోనులో విన్నానని మా ఆయన ఇంటికొచ్చి చెప్పాడు. ఆ పూట మేమిద్దరం నిశ్చింతగా అన్నం తిన్నాం.

మర్నాడు పొద్దున నీళ్ళు తీశాయి. గట్టు నీళ్ళు తాగి బరువెక్కి ఉంది. కింద దాన్ని పట్టుకునేది ఏమీ లేదు. ఆనుకుని ఉన్న నీళ్ళు కూడా దిగిపోయాయి. మా అత్త ఇంట్లో రొట్టెలు చేస్తోంది. గొర్రెలు కాసే వాళ్ళు పరుగెత్తుకొచ్చి, గట్టు పలకలు పలకలుగా విరిగి పడుతోందని చెప్పారు. ఆమె పోయేసరికి సమాధి ఉన్న ముక్క విడిపోయి వంకలోకి జారింది. ఇంకా పారుతున్న నీళ్ళు దాన్ని కరిగిస్తున్నాయి. ఆమె దిగబోతే వాళ్ళు చేతులు పట్టుకుని ఆపారు. ఆ రోజు ఆమె కన్నడంలో గానీ తెలుగులో గానీ ఒక్క మాట అనలేదని చెప్పారు.

మా ఆయన బండేసుకుని పోయాడు. నీళ్ళు ఇంకే దాకా వంక వెంబడి ఊరి తర్వాత ఊరు నడిచాడు. సమాధి రాళ్ళు రెండు దొరికాయి. మిగిలినదంతా ఏ ఇసుకలో కలిసిపోయిందో, దొరకలేదు. తిరిగొచ్చినప్పుడు మోకాళ్ళ దాకా బురద ఎండి పగుళ్ళిచ్చి ఉంది. నేను నీళ్ళు తోడిస్తే స్నానాలగదిలో కూర్చుని చాలాసేపు బయటికి రాలేదు. ఆ నడకలో ఏం చూశాడో ఎప్పుడూ చెప్పలేదు.

మా అత్తను ఎమ్మిగనూరుకు తీసుకొచ్చాం. ఆమె నీళ్ళన్నీ మోరీలోనే, ఒకే చోట పోయడం చూసి నాకు దుఃఖమొచ్చింది. పక్కింటివాళ్ళు, మీ అత్తకు బుద్ధొచ్చిందే అన్నారు. నేనే తవ్వించినాను అని ఆమె మాతో ఎప్పుడూ అనలేదు. అని ఉంటే, కాదత్తా అని ఏదో ఒకటి చెప్పి ఓదార్చే వాళ్ళం. ఆ అవకాశం మాకు ఇవ్వలేదు.

చలికాలంలో ఒక రోజు, మన వంక ఏట్లో కలిసే చోటికి తీసుకుపో పాపా అని నన్ను అడిగింది. బస్సు దిగి, చాలా దూరం నడిచి, తుంగభద్ర ఒడ్డుకు చేరాం. వంక కలిసే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. సర్కారు తుమ్మల మధ్య ఒక చిన్న పల్లం, అంతే. నదిలో నీళ్ళు బండల నడుమ సన్నగా పారుతున్నాయి. జీవితమంతా తనను భయపెట్టింది ఇంత చిన్న సందులో నుంచి వచ్చి కలుస్తుందంటే ఆమె మొదట నమ్మలేదు. ఒడ్డున కూర్చుని, ఈడనుంచి యాడికి అని అడిగింది.

నాకు తెలిసినంత చెప్పాను. సి.బెళగల్ పక్కగా సుంకేసులకు, అక్కడి నుంచి కర్నూలుకు, ఆ తర్వాత కృష్ణలో కలిసి శ్రీశైలం ఆనకట్టకు పోతుందన్నాను. మన్ను చాలా మటుకు అక్కడే అడుగున ఆగిపోతుందట, నీళ్ళు మాత్రం సముద్రం దాకా పోతాయన్నాను. శ్రీశైలం పేరు వినగానే ఆమె నా వైపు తిరిగింది.

“నడిసి పోదాం రమ్మంటే రాలేదు. ఇట్ల పోయినాడు సూడు” అంది.

నవ్వుతోందనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. పక్కనే కూర్చున్నాను. కాసేపటికి తానే ముఖం తుడుచుకుంది.

“ఆదోని మార్కెట్టు దాటి పోయినోడు గాదు పాపా. ఒక్కడే పోయినాడు. నేను పోతే నన్ను ఆ గట్టు కొసనే పెట్టండి. మల్ల వంకొచ్చినప్పుడు తీసుకపోతాది. ఎవురూ ఎతకొద్దండి.”

అట్లాగే అత్తా అన్నాను. అనకుండా ఎట్లా ఉండగలను. అప్పటికి అదొక మాట, అంతే. ఆమె గట్టిగానే ఉంది.

ఈ ఎండాకాలంలో జ్వరమొచ్చి, తగ్గినట్టే తగ్గి, ఒక పొద్దున లేవలేదు. వ్యానులో ఊరికి తీసుకుపోయాం. గడ్డపారలు, పారలు పట్టుకుని మనుషులు చేనులో నిలబడి ఉన్నారు. ఎక్కడ తవ్వమంటారని మా ఆయన్ను అడిగారు. నేను ఆయన్ను పక్కకు పిలిచి, ఆమె నది ఒడ్డున అన్న మాటలన్నీ చెప్పాను. ఆయన గట్టు దాకా నడిచి వెళ్ళాడు. అంచుకు ఇవతల నేల మీద, వంక పొడవునా, చెయ్యి దూరేంత పగులు బారింది. తర్వాత విరిగేది అక్కడే. దాన్ని చూసి తిరిగొచ్చాడు.

“నాయన్ను ఎతుక్కుంటా ఆ వంకంతా తిరిగినాను. అమ్మను గూడా ఎతుక్కోలేనే.”

“ఎతకొద్దనే గదా ఆయమ్మ అడిగింది.”

ఎతకొద్దంటే ఉండగలనా అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆయన మనుషుల దగ్గరికి పోయి, చేనుకు ఇంకో కొసన, బండిబాట పక్కన చోటు చూపించాడు. అక్కడ నేల మెరక, గట్టి గరుసు. గడ్డపారలు ఖణేల్మని తగులుతుంటే, గుంత తవ్వడానికి మధ్యాహ్నం దాటింది. మా మనవళ్ళ కాలానికి కూడా వంక అక్కడిదాకా చేరదు. వచ్చిన వాళ్ళంతా మంచి చోటు అన్నారు.

నిన్న పొద్దున ఊరి నుంచి ఫోను వచ్చింది. పడమట గుట్టల్లో పెద్ద వాన పడి వంక వచ్చిందట. ఆ పగులు దాకా గట్టు విరిగి పోయిందట. మా ఆయన ఫోను పెట్టేసి, ఎన్నో రోజుల తర్వాత తేలికపడిన ముఖంతో నా వైపు చూశాడు.

“సూసినావా. ఆడ పెట్టింటే అమ్మ ఏమయిండేది?”

“మామ కాడికి పోయిండేది” అన్నాను.